ఉలవ: మూడు నోళ్ల పంట

మన హాస్టలు మెస్సులో ఎవరైనా ఉలవల మాట ఎత్తితే చాలు, "ఏమోయ్, నువ్వు గుర్రానివా, ఎద్దువా?" అని ఒక ప్రశ్న వచ్చి పడుతుంది. అందరూ నవ్వుతారు. ఆ నవ్వుకు కారణం లేకపోలేదు. ఇంగ్లీషువాళ్లు ఈ గింజకు పెట్టిన పేరే హార్స్ గ్రామ్. తెల్లదొరల కాలంలో దక్షిణాదిన సైన్యపు గుర్రాలకు దాణా ఇదే కాబట్టి ఆ పేరు వచ్చింది. మద్రాస్ గ్రామ్ అని ఇంకో పేరు కూడా దీనికి ఉండేది. గుర్రాలు పోయాయి, దొరలు పోయారు, పేరు మాత్రం మిగిలింది. పేరుతోపాటు చిన్నచూపు కూడా మిగిలింది.

మెట్ట సేద్యం మీద బతికే ఇంట్లో పుట్టినవాణ్ణి, అందులోనూ వృక్షశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి కాబట్టి ఈ గింజ గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఉలవ పంటను మనం ఎకరాకు ఎన్ని క్వింటాళ్లు అనే ఒక్క కొలతతో కొలుస్తున్నాం. ఆ కొలతలో అది ఎప్పుడూ ఓడిపోతుంది. అయితే ఉలవ ఒక్క నోటికి తిండి పెట్టే పంట కాదు. మనిషికి, పశువుకు, భూమికి, ఇలా మూడు నోళ్లకు పెట్టే పంట. మూడు లెక్కలూ కలిపి చూస్తే గాని దాని విలువ తెలియదు.

పేరులో పొరపాటు

ముందుగా పేర్ల సంగతి చూద్దాం. సంస్కృతంలో కులత్థం, హిందీలో కుల్థీ, తమిళంలో కొళ్లు, కన్నడంలో హురుళి, మలయాళంలో ముదిర, కుమావూఁ కొండల్లో గహత్. హిమాలయాల దగ్గర నుంచి కేరళ దాకా ఇన్ని పేర్లున్నాయంటే ఈ దేశంలో దీని వేరు ఎంత లోతుగా పోయిందో ఊహించుకోవచ్చు.

శాస్త్రీయ నామం కథ మరీ వింతైనది. మన పాత పాఠ్యపుస్తకాల్లో ఉలవను డోలికాస్ బైఫ్లోరస్ అని రాశారు. బైఫ్లోరస్ అంటే రెండు పువ్వులది అని అర్థం. అసలు విషయమేమిటంటే, 1753లో లిన్నేయస్ ఆ పేరు పెట్టిన మొక్క ఉలవ కానే కాదు, అది అలసంద జాతిది. ఉలవకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్ ఇచ్చిన పేరు డోలికాస్ యూనిఫ్లోరస్, అంటే ఒంటి పువ్వుది. నిజానికి ఆకు పంగలో ఒకటి నుంచి మూడు పువ్వుల దాకా పూస్తాయి గనుక రెండు పేర్లూ పూర్తిగా ఒప్పు కావు! 1970లో క్యూ ఉద్యానవనానికి చెందిన వృక్షశాస్త్రజ్ఞుడు వెర్డ్‌కోర్ట్ దీన్ని మాక్రోటైలోమా అనే ప్రజాతిలోకి మార్చాడు. అప్పటి నుంచి ఉలవ పేరు మాక్రోటైలోమా యూనిఫ్లోరమ్. అయినా డోలికాస్ బైఫ్లోరస్ అనే పాత పేరు ఒకచోట మాత్రం ఇప్పటికీ చెక్కు చెదరకుండా నిలిచి ఉంది. అది ఎక్కడో కొంచెం ముందుకు వెళ్లాక చెబుతాను.

బూడిదదిబ్బల నాటి తిండి

వరి మనది, జొన్న మనది అనుకుంటాం. జొన్న ఆఫ్రికా నుంచి వచ్చింది. రాగి కూడా అక్కడిదే. వేరుశనగ దక్షిణ అమెరికాది. మిరపకాయ సంగతి చెప్పనక్కరలేదు. ఉలవ మాత్రం ఈ గడ్డ మీదే మచ్చికైన పంట.

బళ్లారి, కర్నూలు, కడప ప్రాంతాల్లో కొత్తరాతి యుగపు మనుషులు బతికిన ఊళ్ల ఆనవాళ్లు, వాళ్ల పశువుల పేడ కాలి పేరుకున్న బూడిదదిబ్బలు ఉన్నాయి. ఆ కాలపు స్థలాల్లో, బళ్లారి దగ్గర సంగనకల్లు వంటి చోట్ల, తవ్విన మట్టిని నీళ్లలో కలిపి తేలిన బొగ్గుముక్కలను ఏరి సూక్ష్మదర్శినితో పరీక్షించారు. వాటిలో మాడిన గింజలు దొరికాయి. అప్పటి మనుషుల ముఖ్యమైన పంటలు ఉలవలు, పెసలు, అండుకొర్రల వంటి చిరుధాన్యాలు అని తేలింది. ఇది సుమారు నాలుగు వేల ఏళ్ల కిందటి మాట. పశువులను కాచుకుంటూ ఉలవలు పండించుకున్న ఆ మనుషుల బతుకుకీ, మా తాతల బతుకుకీ ఎంత తేడా ఉందో మీరే ఆలోచించండి.

2017లో లండన్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన చార్లీన్ మర్ఫీ, డోరియన్ ఫుల్లర్ అనే పరిశోధకులు ఒక చక్కటి పని చేశారు. తవ్వకాల్లో దొరికిన ప్రాచీన ఉలవ గింజలను పగలగొట్టకుండా, సింక్రోట్రాన్ అనే యంత్రం నుంచి వచ్చే బలమైన ఎక్స్‌కిరణాలతో వాటి పొట్టు మందం కొలిచారు. అడవి గింజకు పొట్టు మందం. నీరు త్వరగా లోపలికి పోదు. అన్ని గింజలూ ఒకేసారి మొలిచి ఒకే ఎండకు చచ్చిపోకుండా అది ప్రకృతి చేసిన ఏర్పాటు. రైతుకు కావలసింది ఇందుకు విరుద్ధం. విత్తిన గింజలన్నీ ఒకేసారి మొలవాలి. ఏటేటా మొలిచినవాటినే కోసి, వాటినే మళ్లీ విత్తగా విత్తగా పొట్టు పలచబడింది. ఆ పలచబడటం గింజల్లో కళ్లకు కట్టినట్లు కనిపించింది. డిగ్రీలు లేని రైతులు తమకు తెలియకుండానే చేసిన పరిశోధన అది అంటే అతిశయోక్తి కాదు.

కడపటి వాన పంట

ఇక పైరు సంగతి. మాది కదిరి వైపు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. ఆ కొంచెమూ ఎప్పుడు పడుతుందో చెప్పలేం. జూన్, జూలై నెలల్లో పదును దొరికితే శనక్కాయ వేస్తారు. దొరకలేదా, రైతు ఆకాశంకేసి చూస్తూ కూర్చుంటాడు. మఘ కార్తె వెళ్లిపోతే శనక్కాయ ఆశ వదులుకోవలసిందే. అప్పుడు గుర్తొచ్చేది ఉలవ. పుబ్బ, ఉత్తర కార్తెల్లో ఒక్క వాన పడితే గొర్రు కట్టి ఉలవ విత్తుతారు. గొర్రుకు తీరిక లేకపోతే చేత్తో చల్లి గుంటక తోలతారు. ఎకరాకు ఎనిమిది, పది కిలోల విత్తనం చాలు. సుమారు మూడు, మూడున్నర నెలల్లో పంట చేతికొస్తుంది.

ఇంత ఆలస్యంగా విత్తినా ఎలా పండుతుంది? దీనికి శాస్త్రపరమైన కారణముంది. ఉలవ పొట్టి పగళ్ల మొక్క. అంటే పగటి వేళ తగ్గుతూ రాత్రి వేళ పెరుగుతున్నప్పుడు గాని అది పూతకు రాదు. జూన్‌లో విత్తితే తీగలు సాగి ఆకు విపరీతంగా పెరుగుతుంది, పూత ఆలస్యమవుతుంది. సెప్టెంబరులో విత్తితే కొంచెం పెరిగి, పగళ్లు తగ్గుతున్న సంగతి గ్రహించి పూతకు వస్తుంది. అందుకే మేతకు కావాలంటే ముందుగా, గింజకు కావాలంటే ఆలస్యంగా విత్తమంటారు. చివరగా విత్తవలసిన పంటల్లో కులత్థాన్ని కౌటిల్యుని అర్థశాస్త్రం కూడా చేర్చింది. మా నాయన అర్థశాస్త్రం చదవలేదు. చదవకుండానే ఆ పని చేస్తున్నాడు.

పైన వాన లేకపోయినా కింది పదునుతో, రాత్రి మంచుతో పండే పంట అని మా పెద్దలు అంటారు. మంచు మాట అలా ఉంచితే, కింది పదును మాట నిజం. వేరు లోతుకు దిగి, పైనేల ఎండిన తర్వాత కూడా అడుగున మిగిలిన తేమను పీల్చుకుంటుంది. తీగలు నేలమీద పరుచుకుని మట్టిని కప్పేస్తాయి గనుక ఎండ నేరుగా నేలకు తగలదు, ఉన్న తేమ త్వరగా ఆరిపోదు. ఎర్రనేల, గరుసునేల, రాళ్లనేల, వేరే పంట వేయడానికి ఎవరూ సాహసించని నేల, అన్నీ దీనికి సమ్మతమే. నీళ్లు నిలిచే నేల మాత్రం పనికిరాదు.

మొదటి నోరు: మనిషి

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికల ప్రకారం 100 గ్రాముల ఉలవల్లో 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయి. కందిపప్పులో కూడా దాదాపు అంతే, 22.3 గ్రాములు. కాల్షియం చూడండి. కందిపప్పులో 73 మిల్లీగ్రాములైతే ఉలవల్లో 287 మిల్లీగ్రాములు. కొవ్వు అర గ్రామే. మనం పెళ్లిళ్లలో వడ్డించే పప్పుకు, పశువుల తొట్టిలో వేసే గింజ ఎందులోనూ తీసిపోదన్నమాట!

పప్పుజాతి మాంసకృత్తుల్లో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు, ముఖ్యంగా మెథియోనైన్, తక్కువ. ధాన్యాల్లో లైసిన్ తక్కువ. ఒకదాని లోటును ఒకటి పూడుస్తుంది. రాగిసంగటిలోకి ఉలవకట్టు పోసుకుని తినే మా ప్రాంతపు అలవాటు వెనుక ఈ సూత్రమే ఉంది. మా అవ్వకు అమైనో ఆమ్లం అంటే తెలియదు. "సంగట్లోకి ఉలవకట్టు ఉంటే కడుపులో దిట్టంగా ఉంటుంది నాయనా" అనేది. రెండింటి అర్థమూ ఒకటే.

ఉలవల్ని రాయలసీమలో కట్టు, గుగ్గిళ్లు చేస్తారు. తెలంగాణ మిత్రులు గుగ్గిళ్లను గుడాలు అంటారు. కృష్ణా, గుంటూరు వైపు ఉలవచారు కాస్తారు. ఈ ఉలవచారు పుట్టుక చూస్తే ముచ్చటేస్తుంది. ఎద్దులకు పెట్టడానికి పెద్ద కుండలో ఉలవలు గంటల తరబడి ఉడకబెట్టేవారు. ఉడికిన గింజ ఎద్దులకు, ఉడికిన నీళ్లు మనుషులకు. ఆ నీళ్లలో చింతపండు పులుసు పోసి, చిక్కబడేదాకా మరిగించి, పోపు పెట్టి, వెన్నో మీగడో వేసుకుని తినేవారు. ఒకే కుండలో రైతుకూ ఎద్దుకూ వంట. ఈ రోజుల్లో అదే ఉలవచారు హైదరాబాదు హోటళ్లలో ఖరీదైన వంటకం. సీసాల్లో, డబ్బాల్లో కూడా అమ్ముతున్నారు. తినేవాళ్లలో ఎంతమందికి ఎద్దు వాటా సంగతి గుర్తుంటుందో మరి.

ఇంతసేపు ఎందుకు ఉడకబెట్టాలి? పచ్చి ఉలవల్లో మన జీర్ణరసాల్లోని ట్రిప్సిన్‌ను పని చేయనివ్వని పదార్థాలున్నాయి. కాల్షియాన్నీ ఇనుమునూ పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం ఉంది. పొట్టులో టానిన్లున్నాయి. తమను తినవచ్చే పురుగులనుంచీ జంతువులనుంచీ కాపాడుకోవడానికి గింజలు దాచుకున్న ఆయుధాలివి. నానబెట్టడం, మొలకెత్తించడం వల్ల కొన్ని తగ్గుతాయి, బాగా ఉడికించడం వల్ల ట్రిప్సిన్‌ను అడ్డుకునే శక్తి చాలావరకు నశిస్తుంది. రాత్రి నానబోసి పొద్దున పొయ్యిమీద పెట్టే మన ఆడవాళ్ల పద్ధతి అక్షరాలా రసాయనశాస్త్రమే.

పూనాలో తేలిన రహస్యం

ఆ ఆయుధాల్లోనే ఇంకొకటుంది. దాని కథ విన్నాక మెస్సులో ఎవరూ ఉలవను చూసి నవ్వరని నా నమ్మకం.

మనలో ఏ గ్రూపు రక్తం ఉన్నవాళ్లంతా ఒకటి కాదు. అందులో ఏ1, ఏ2 అని రెండు ముఖ్యమైన ఉపవర్గాలున్నాయి. సాధారణంగా ఈ తేడా పట్టించుకోనక్కరలేదు గాని, కొందరు ఏ2 వాళ్ల రక్తద్రవంలో ఏ1 కణాలకు విరోధమైన ప్రతిరక్షకాలు ఉంటాయి. అప్పుడు రక్తపు గ్రూపు నిర్ణయించడంలో తికమక వస్తుంది. ఈ రెండింటినీ వేరుచేయడం ఎట్లా?

1951లో పూనాలో పని చేస్తున్న బర్డ్ అనే వైద్యశాస్త్రజ్ఞుడు ఉలవ గింజల రసం మనిషి ఎర్రకణాలను ఎంపిక చేసి గుంపుకట్టిస్తుందని కనుగొన్నాడు. బెంగుళూరు నుంచి వెలువడే కరెంట్ సైన్స్ పత్రికలో ఆ సంగతి ప్రకటించాడు. తగినంత పలచన చేసిన ఉలవరసం ఏ1 కణాలను ముద్దలు కట్టిస్తుంది, ఏ2 కణాల జోలికి పోదు. ఇటువంటి మాంసకృత్తులకు 1954లో బాయిడ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు లెక్టిన్లు అని పేరు పెట్టాడు. ఎంచుకోవడం అనే అర్థమున్న లాటిన్ ధాతువు నుంచి తీసిన పేరది. ఉలవ లెక్టిన్ ఎర్రకణం ఉపరితలం మీద ఉండే ఒక చక్కెర అణువును, ఎన్-అసిటైల్ గాలక్టోజమైన్‌ను, గుర్తుపట్టి పట్టుకుంటుంది. ఏ1 కణాలమీద ఏ గుర్తులు దట్టంగా ఉంటాయి, ఏ2 మీద పలచగా ఉంటాయి. 1970లో ఎట్జ్‌లర్, కబాట్ అనే శాస్త్రజ్ఞులు ఈ లెక్టిన్‌ను శుద్ధిచేసి దాని గుణాలు వివరించారు.

నేటికీ ప్రపంచమంతటా రక్తనిధి కేంద్రాల్లో ఏ1 పరీక్షకు వాడే చిన్న సీసా మీద డోలికాస్ బైఫ్లోరస్ అని రాసి ఉంటుంది. నేను ముందు చెప్పిన పాత పేరు నిలిచి ఉన్న చోటు అదే. పేరు తప్పు కావచ్చు, సీసాలో ఉన్నది మాత్రం మన ఉలవ.

రెండవ నోరు: పశువు

గింజ సంగతి అందరూ మాట్లాడతారు. కట్టె సంగతి రైతు ఇంట్లో తప్ప ఎవరూ మాట్లాడరు. కాయలు ఎండాక మొక్కలను కోసి, కళ్లంలో తొక్కించి గింజ వేరు చేస్తే మిగిలే తీగలు, ఆకులు, కాయ పొట్టు అంతా మేతే. పశువులు ఇష్టంగా తింటాయి.

నెమరువేసే పశువు కడుపులో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి. గడ్డిలోని పీచును జీర్ణం చేసేది నిజానికి అవే. అవి పెరగాలంటే నత్రజని కావాలి. వరిగడ్డిలో అది బహు తక్కువ. అందుకే ఒట్టి వరిగడ్డి మేసిన ఎద్దు కడుపు నిండినా ఎండిపోతుంది. అందులో కొంచెం ఉలవ కట్టె కలిపితే సూక్ష్మజీవులకు నత్రజని అందుతుంది, ఆ గడ్డి కూడా ఒంటికి పడుతుంది. ఇక గింజ దాణా సంగతి కోస్తా సోదరులకు నేను చెప్పనక్కరలేదు. బండలాగుడు పోటీలకు ఒంగోలు గిత్తలను సిద్ధం చేసేవాళ్లు ఉడికించిన ఉలవలు ఎంత భక్తిగా పెడతారో వాళ్లు చూసే ఉంటారు.

ఉలవచారు పేరైనా తెలియని దేశంలో సైతం ఈ మొక్కకు మర్యాద దక్కింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పశువుల మేతకోసం లైకార్ట్ అనే ఉలవ రకాన్ని పెంచారు. వాళ్లకు ఇది గడ్డిబీళ్ల మొక్క.

మూడవ నోరు: భూమి

ఉలవ మొక్కను జాగ్రత్తగా వేళ్లతో పెకలించి చూడండి. వేళ్లమీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయి. ఒకదాన్ని గోటితో చీలిస్తే లోపల లేత గులాబి రంగు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టమైన లెగ్‌హిమోగ్లోబిన్ రంగు అది. ఆ బుడిపెలో బ్రాడీరైజోబియం అనే సూక్ష్మజీవులు కాపురముంటాయి. గాలిలోని నత్రజనిని అవి మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. మొక్క వాటికి చక్కెర పెడుతుంది. యూరియా ఫ్యాక్టరీల్లో ఎంతో వేడి, ఎంతో ఒత్తిడి పెట్టి చేసే పనిని ఈ బుడిపె మామూలు వేడిలోనే చేస్తుంది.

అయితే ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. పప్పుజాతి పంట వేస్తే చాలు భూమి బలపడుతుందని పుస్తకాల్లో చదివి పరీక్షల్లో రాస్తాం. మొక్క సంపాదించిన నత్రజనిలో పెద్ద భాగం గింజలోకి, ఆకులోకి వెళుతుంది. మొక్కను వేరుతో సహా పీకి, కట్టె అమ్మేసి, గింజ అమ్మేస్తే భూమికి దక్కేది రాలిన ఆకు మాత్రమే. కొడవలితో కోస్తే వేరూ బుడిపెలూ భూమిలోనే ఉండిపోతాయి. కట్టె మన పశువే మేస్తే పేడ తిరిగి చేనికే చేరుతుంది. అంటే మూడవ నోటికి కూడు పెట్టేది రెండవ నోరే! పశువు ఇంట్లో ఉంటేనే ఉలవ లెక్క పూర్తవుతుంది. పశువు సంతకు పోతే భూమి వాటా కూడా దానితోపాటే పోతుంది.

ఒక కరువు ఏటి లెక్క

ఈ మాట నేను పుస్తకంలో చదివి రాయడంలేదు. 2018 ఖరీఫ్‌లో మా ప్రాంతంలో వానలు మొహం చాటేశాయి. అప్పుడు నేను ఎనిమిదో తరగతి. శనక్కాయ విత్తనం మూటలు మూటలుగానే ఉండిపోయాయి. సెప్టెంబరులో ఒక వాన పడితే మా నాయన నాలుగెకరాల్లో ఉలవ వేశాడు. ఆ తర్వాత చెప్పుకోదగ్గ వాన లేదు. చివరకు ఏడు క్వింటాళ్లు వచ్చాయి, ఎకరాకు రెండు క్వింటాళ్లయినా కాలేదు. ఇంటికీ విత్తనానికీ కొన్ని ఉంచుకుని మిగతావి అమ్మితే వచ్చిన డబ్బు దుక్కి ఖర్చుకూ కూలికీ సరిగ్గా సరిపోయింది. అమ్మ ఆ లెక్క విని, "ఇంతమాత్రానికి ఇంత చాకిరీ ఎందుకు చేసినట్టు?" అంది.

నాయన వెంటనే జవాబు చెప్పలేదు. వామి వైపు చూపించాడు. రెండు ట్రాక్టర్ల కట్టె వచ్చింది. కొన్న వరిగడ్డిలో దాన్ని కలిపి పెడుతూ రెండు ఎద్దులనూ, ఒక ఎనుమునూ మళ్లీ వానలు పడేదాకా నిలుపుకున్నాం. ఆ ఎండాకాలమంతా ఎనుము పాలతోనే ఇంట్లో ఉప్పూ పప్పూ గడిచాయి. మా పక్క చేనాయన ఆ ఏడు భూమి బీడు పెట్టాడు. ఆయనది తప్పని నేననను, ఆయన చేనిమీద ఆ ఒక్క వానా సరిగ్గా పడలేదు. ఫిబ్రవరిలోనే మేత అయిపోయింది. పెంచుకున్న ఎద్దుల జతను సంతకు తోలి, వచ్చిన ధరకు ఇచ్చేశాడు. కరువు ఏడు అందరూ అమ్మేవాళ్లే, కొనేవాడు లేడు గదా! మరుసటి ఏడు దుక్కికి ఆయన బాడుగ ట్రాక్టరు కోసం అప్పు చేయవలసి వచ్చింది. చేనికి ఎరువు కూడా లేకపోయింది.

మా ఏడు క్వింటాళ్లను ఏ లెక్కల పుస్తకంలో రాసినా నాసి పంట అనే రాస్తారు. అమ్ముకోకుండా నిలుపుకున్న ఎద్దులను ఏ గడిలో రాయాలి?

ఏం చేయాలి?

ఉలవలో లోపాలు లేవని నేననడంలేదు. దిగుబడి తక్కువ. నాటు రకాల్లో తీగ సాగుతూ ఉంటుంది, కాయలన్నీ ఒకేసారి పండవు. తెల్లదోమ మోసుకొచ్చే పల్లాకు తెగులు సోకితే చేను పసుపుబారిపోతుంది. ఈ లోపాల మీద పని జరుగుతూనే ఉంది. పాలెం పరిశోధన కేంద్రం నుంచి పాలెం-1, పాలెం-2 రకాలు, హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ నుంచి క్రిడా రకాలు వచ్చాయి. 2021లో జపానులోని కజుసా పరిశోధన సంస్థ, మన హిమాచల్‌లోని పాలంపూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో కలిసి ఉలవ జన్యుపటాన్ని క్రోమోసోముల వారీగా ప్రకటించింది. పది జతల క్రోమోసోములలో ఏ గుణం ఎక్కడుందో వెతకడం ఇక సులభమవుతుంది.

ఇక్కడే నాకొక భయముంది. గింజ ఒక్కటే లక్ష్యమైతే పొట్టిగా, నిటారుగా, త్వరగా పండే మొక్కను తయారు చేస్తారు. దానికి ఆకు తక్కువ, తీగ తక్కువ, నేలమీద నీడ తక్కువ. క్వింటాళ్లు పెరుగుతాయి. వామి చిన్నదవుతుంది. ట్రాక్టరు రైతుకు అది లాభమే కావచ్చు. రెండు ఎద్దులూ ఒక ఎనుమూ ఉన్న రైతుకు లాభమో నష్టమో అతణ్ణి అడిగి తెలుసుకోవాలి. కొత్త రకం దిగుబడి ప్రకటించేటప్పుడు గింజ బరువు పక్కనే కట్టె బరువు కూడా ప్రకటించాలని నా మనవి. ఇందుకు పెద్ద యంత్రాలు అక్కరలేదు, ఒక కాటా చాలు.

మన కళాశాలలో అన్ని శాఖలూ ఉన్నాయి. వృక్షశాస్త్ర మిత్రులు సెలవులకు ఊరెళ్లినప్పుడు తమ ఇంటి నాటు ఉలవ విత్తనం గుప్పెడు తెచ్చి రంగు, పరిమాణం, ఊరిపేరు రాసి భద్రపరచవచ్చు. నల్ల ఉలవ, తెల్ల ఉలవ, ఎర్ర ఉలవ అని ఎన్ని రకాలున్నాయో మనకే తెలుస్తుంది. రసాయనశాస్త్ర మిత్రులు నానబెట్టిన గింజకూ నానబెట్టని గింజకూ టానిన్ ఎంత తేడా ఉందో ప్రాక్టికల్స్‌లోనే చూడవచ్చు. అర్థశాస్త్ర మిత్రులు మెట్ట రైతు ఇంటి జమాఖర్చును గింజ, కట్టె, పేడ అనే మూడు గడుల్లో వేసి చూపిస్తే అంతకంటే గొప్ప ప్రాజెక్టు ఉండదు. పెద్దలైన అధ్యాపకులు దీనిని ఆలోచించాలని కోరుకుంటున్నాను. పూర్వ విద్యార్థుల్లో వ్యవసాయ శాఖలోనూ బ్యాంకుల్లోనూ పని చేస్తున్నవారు ఎందరో ఉన్నారు. కరువు ఏడు పంట నష్టం రాసుకునేటప్పుడు కళ్లంలోని మూటలతోపాటు వామివైపు కూడా ఒకసారి చూడమని వారికి నా విన్నపం.

నాలుగు వేల ఏళ్లుగా ఈ నేల మనుషుల్నీ, పశువుల్నీ కలిపి సాకిన గింజ ఇది. గుర్రపు తిండి అని పిలిచినంత మాత్రాన దానికి వచ్చే అవమానమేమీ లేదు. గుర్రానికీ, ఎద్దుకూ, మనిషికీ, మట్టికీ ఒకే కుండలోంచి పెట్టగలిగిన పంట మన దగ్గర ఇంకెన్ని ఉన్నాయో లెక్క వేసి చూడండి. ఒక చేతి వేళ్లు చాలు.